సత్యం మావ ఎడమ చెవి

రాజాం,
5 జూలై 2015, ఆదివారం

సత్యం మావకి,

ప్రభువు పేర వందనాలు. ఇక్కడ నేను బాగున్నాను అని రాయాలి కదా, రాశాను. ఇక నిజం రాస్తాను.

హాస్టల్లో ఫోన్లు పెట్టుకోనివ్వరు. ఇచ్చినా నీతో ఫోన్లో మాట్లాడడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. ఈ మాట నువ్వే అంటావు కాబట్టి నేనూ అన్నాను, కోప్పడకు. అందుకని ఉత్తరం. దీన్ని అమ్మకి చూపించొద్దు. అమ్మకి అన్నం బాగుంది, మంచం బాగుంది అని వేరే కార్డు వేశాను.

మొన్న సోమవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర జరిగింది. సెకండియర్లో విశాలి అని ఒకమ్మాయి ఉంది. ఊళ్ళోంచే వస్తుంది, కరాటేలో జిల్లా ఛాంపియన్. మీదే ఊరు అని అడిగింది. నౌపడ అన్నాను. వంగి నా కాళ్ళు చూసింది. "ఇవి కాళ్ళేటే, బీటలేసిన సెరువు లాగున్నాయి" అని అందరికీ వినబడేటట్టు అంది. తర్వాత బల్ల మీది ఉప్పు గిన్నె తీసి నా కూరలో బోర్లించింది. "మీ ఊరి సరుకే కదా, తిను" అంది.

ముప్పై మంది నవ్వారు. నేను ఆ కూర మొత్తం తిన్నాను మావా. పారబోస్తే దానిదే పైచెయ్యి అవుతుందనిపించింది. సాయంత్రం దాకా వాంతులు చేసుకున్నాను. అప్పట్నుంచి దాని చెంప పగలగొట్టడం తప్ప నాకు వేరే ఆలోచన లేదు. కెమిస్ట్రీ పుస్తకం తెరిచినా దాని మొహమే కనిపిస్తోంది.

కాలేజీలో సాయంత్రం కరాటే క్లాసు ఉందంటే చేరిపోయాను. చేరాక తెలిసింది, మాస్టారు దాని నాన్నే అని. ఆయనకి ఒక చాదస్తం ఉంది. ఎదురెదురుగా నిలబడి వంగి దండం పెట్టుకున్నాక ఒకరు "రానా?" అని అడగాలి. రెండోవాళ్ళు "రా" అని నోటితో చెప్పాలి. అంతదాకా చెయ్యి లేచిందో, మైదానం చుట్టూ పది చుట్లు పరుగెత్తాలి. ఇది కొట్లాటా పేరంటమా అని పిల్లలు చాటున నవ్వుకుంటారు.

ఈ రోజు హాస్టల్ టీవీలో ఆ డబ్బింగ్ సినిమా వేశారు. పడవ నడిపే కుంటి ముసలాయన సన్నటి కుర్రాడికి కుస్తీ నేర్పి, పెద్ద కుస్తీ బడి పిల్లాణ్ణి ఓడించేలా చేస్తాడే, అది. క్రిస్మస్ సెలవుల్లో స్టాన్లీ అన్నయ్య వాళ్ళింట్లో మనం చూసిందే. చూస్తూంటే నువ్వే గుర్తొచ్చావు. నువ్వు ఒకప్పుడు కర్రసాము చేసేవాడివని అమ్మ ఒకసారి నోరు జారింది. నాన్న పోయిన దగ్గర్నుంచీ నాకు అన్నీ నువ్వే నేర్పావు, ఇదొక్కటే దాచావు. ఆ ముసలాయనలా నాకూ నేర్పు. ఉత్తరాల్లోనే నేర్పు.

నీ మేనకోడలు,
రూబీ


నౌపడ,
13 జూలై 2015

ఒసే రూబీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఉప్పు కూర తిన్నావు చూడు, అక్కడే సగం గెలిచావు. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదంటారు. తిన్నది నువ్వే అయినా తాగేది అది.

ఆ సినిమా నేను స్టాన్లీ వాళ్ళింట్లో నాలుగుసార్లు చూశాను. మాటలు వినబడకపోయినా కథ నాకు కంఠతా వచ్చు. ముసలాయన కాలు విరగ్గొట్టింది ఆ బడి పెద్దే. ముసలాయన ఏళ్ళ తరబడి పడవలో కూర్చుని ఎవడైనా దొరక్కపోతాడా అని కాచుకున్నాడు. కుర్రాడు దొరికాడు. వాణ్ణి కత్తి నూరినట్టు నూరాడు. ఆఖర్న కుంటుకుంటూ వెళ్ళి ఆ పెద్ద చెవి దగ్గర ఏదో అంటాడు గుర్తుందా. "ఇప్పుడు తెలిసిందా నొప్పి" అని అంటాడు. ఆ ముక్క కోసమే నేను నాలుగుసార్లు చూశాను.

ఇక పాఠం. ఇప్పుడు వానలు, ఉప్పు మడుల్లో పని లేదు కాబట్టి రాయడానికి తీరిక ఉంది. వేసవిలో నువ్వు నాతో ఉప్పు మడి తొక్కావు. కింద పొర పగలకుండా ఎలా నడిచేవాళ్ళం? మడమ ఎత్తకుండా, పాదం జారుస్తూ. అదే అడుగు. ఆ కరాటే పిల్లలు కోడిపుంజుల్లా ఎగురుతారు. ఎగిరినవాడు ఎప్పుడో ఒకప్పుడు దిగాలి, దిగేటప్పుడు వాడి కాలు వాడి మాట వినదు. నువ్వు ఎగరకు. జారి దగ్గరికి వెళ్ళు. పొద్దున్నే తడి నేల మీద రెండు వందల అడుగులు వెయ్యి. అడుగు చప్పుడు నీకే వినబడకూడదు.

నేను కర్ర ఎందుకు వదిలేశానో మీ అమ్మ చెప్పలేదంటే మంచిదే చేసింది. దానికి ఒక మనిషి ఉన్నాడు. వాడి పేరు ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

అవునుగానీ, మీ మాస్టారు పేరు రాయలేదేం?

నీ మావ,
సత్యం


రాజాం,
2 ఆగస్టు 2015

సత్యం మావకి వందనాలు.

ముందు నీకో చేదు మాట. ఆ సినిమాలో ముసలాయన కాలు ఎవరూ విరగ్గొట్టలేదు. పడవ కడుతూ తనే జారిపడ్డానని కుర్రాడికి చెబుతాడు. ఆఖర్న ఆ పెద్ద చెవి దగ్గర అన్నది కూడా నువ్వు అనుకున్నది కాదు. "మీ పిల్లాడికి దెబ్బ ఎక్కడ తగిలిందో చూపించు, మందు రాస్తాను" అంటాడు. నీ కథే బాగుందని నాకూ అనిపించింది, ఏం చేస్తాం.

అడుగులు వేస్తున్నాను. రెండు వందలు కాదు, మూడు వందలు. హాస్టల్ వెనక బట్టలుతికే చోట నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది.

మాస్టారి పేరు సూరయ్య. ఊరు రాజాం పక్కనే. గురువారం ఆయన నన్ను నీది ఏ ఊరని అడిగాడు. నౌపడ అన్నాను. ఎవరి తాలూకు అన్నాడు. లీలారాణి కూతుర్ని, సత్యం మేనకోడల్ని అన్నాను. ఆయన నోట్లో విజిల్ కింద పడిపోయింది. తీసుకోకుండా అలాగే వెళ్ళిపోయాడు. మర్నాడు నన్ను విశాలికి జోడీగా పెట్టాడు. వైట్ బెల్టు పిల్లని ఛాంపియన్‌కి జోడీ పెట్టడం ఎక్కడైనా ఉందా? కూతురి చేత నన్ను చితక్కొట్టించి క్లాసు మాన్పించాలని ఆయన ఎత్తు. రోజూ ఒళ్ళంతా కమిలిపోయి వస్తున్నాను. మానను.

ఆయన నీకు తెలుసా?

రూబీ


నౌపడ,
9 ఆగస్టు 2015

రూబీ,

ఆ పేరు నీ చేతిరాతలో చూసి కాగితం కింద పెట్టి బయటికి వెళ్ళాను. రైలు కట్ట దాకా నడిచి వచ్చి మళ్ళీ చదివాను. అదే పేరు ఉంది.

విను. 1993లో కోటబొమ్మాళి పండగలో కర్రసాము పందెం. నాకు ఇరవై రెండేళ్ళు. బాప్టిస్టుల ఇంట పుట్టి అమ్మవారి పండగలో కర్ర తిప్పుతావా అని మీ తాత వారం రోజులు నాతో మాట్లాడలేదు. మా గురువు పోతురాజు మాత్రం ఏ కొలుపు నీదని ఎవర్నీ అడిగేవాడు కాదు. పందెం మొదలయ్యే ముందు అందరూ అమ్మవారి రాయి దగ్గర వంగి దండం పెడతారు. నేను పెట్టను. కర్ర పట్టుకుని నిలబడే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటాను. మన గోదాలో అది అందరికీ తెలుసు.

ఆ రోజు నాకు ఎదురు నిలిచినవాడు సూరయ్య. ఎండ నెత్తి మీద ఉంది. నేను కళ్ళు మూసుకున్నాను. ఆమెన్ అనే లోపల ఎడమ చెవి మీద కర్ర పడింది. తెలివి వచ్చేసరికి నా ముక్కూ నోరూ ఇసకలో ఉన్నాయి. డప్పు వాయిస్తున్నవాడి చేతులు ఆడుతున్నాయి, చప్పుడు లేదు.

అప్పటికి పోలీసు ఉద్యోగానికి పరుగు నెగ్గాను, ఎత్తు నెగ్గాను, ఛాతీ నెగ్గాను. డాక్టరు దగ్గర ఒక్కటే మిగిలింది. ఆయన నా కుడి చెవి మూయించి, వెనక నిలబడి పేరు పెట్టి పిలిచాడట. నేను పలకలేదు. అంతే అయిపోయింది. ఎడమ చెవి ఆ రోజే పోయింది, కుడిది దాని మీద బెంగతో పదేళ్ళకి పోయింది. ఇరవై రెండేళ్ళు. ఒక్క రోజైనా వాడు వచ్చి మొహం చూపించలేదు.

ఇప్పుడు వాడు మాస్టారు. వాడికి ఒక కూతురు. ఆ కూతురు నీ కూరలో ఉప్పు పోసింది. దేవుడు ఎంత ఓపిగ్గా లెక్క కలుపుతాడో చూడు.

క్లాసు మానకు. వాడి దగ్గర ఉన్నదంతా నేర్చుకో. పోటీలో ఆ పిల్ల నీకు ఎదురు పడుతుంది. పడినప్పుడు ఎడమ చెవి మీద కొట్టు. కంటికి కన్ను, పంటికి పల్లు అని వాక్యంలో ఉంది. చెవికి చెవి అని రాయలేదు, అంతమాత్రాన కుదరదని కాదు. మనం ఒట్లు పెట్టుకోకూడదు కాబట్టి ఒట్టు అడగను. మాట ఇవ్వు.

సినిమా సంగతి నువ్వు చెప్పింది నేను నమ్మను. ఆ ముసలాయన మొహం నేను చూశాను. అది మందు రాసే మొహం కాదు.

సత్యం


రాజాం,
30 ఆగస్టు 2015

సత్యం మావకి,

మాట ఇస్తున్నాను.

నీ ఉత్తరం చదివిన రోజు క్లాసులో ఆయన నా చెయ్యి పట్టుకుని దెబ్బ ఎలా కాచుకోవాలో చూపించాడు. ఆ చెయ్యి చూస్తూ ఉన్నాను. ఇదే కదా అనుకున్నాను. తర్వాత ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అంతకు ముందు నాది ఉప్పు కూర కోపం. ఇప్పుడు దానికి ఇరవై రెండేళ్ళ వయసొచ్చింది.

తువ్వాలు ముడి వేసి చెవి ఎత్తుకి కట్టుకున్నాను. పొద్దున వంద, సాయంత్రం వంద కొడతాను. విశాలి ఎడమ చెవికి చిన్న ఎర్రరాయి దిద్దు ఉంది. జోడీగా ఆడినప్పుడల్లా నేను దాన్నే చూస్తాను. తను నన్ను కొట్టి నవ్వుతుంది, నేనూ నవ్వుతాను. ఎందుకు నవ్వుతున్నావే అంటుంది. మీ నాన్న బాగా నేర్పుతున్నాడు అంటాను.

ఒక్క అనుమానం. ఆయన నేర్పినవాళ్ళంతా చెవి బాగా కాచుకుంటారు. చెయ్యి ఎప్పుడూ అక్కడే ఉంటుంది. సందు దొరకడం లేదు. ఎప్పుడు కొట్టాలి?

నీ రూబీ


(కార్డు)
నౌపడ,
8 సెప్టెంబరు 2015

రూబీకి,

కార్డు మీద ఎక్కువ రాయకూడదు, పోస్ట్‌మాన్ లక్ష్ముడు దారిలో చదువుతాడు. చదివితే చదవనీ. నువ్వు అడిగినదానికి జవాబు: వంగినప్పుడు. లేచాక కాదు.

అమ్మ నువ్వుండలు పంపుతోంది.

సత్యం


రాజాం,
1 నవంబరు 2015

మావా,

ఇది దసరా సెలవుల్లో చెప్పాల్సిన సంగతి. చెప్పాలనే పలక తీసుకుని నీ దగ్గర కూర్చున్నాను. మొదటి ముక్క రాసేలోపు నువ్వు పలక లాక్కుని అడుగులు చూపించు అన్నావు. చూపించాను. నువ్వు మురిసిపోయావు. తర్వాత నాకు నోరు రాలేదు, చెయ్యీ రాలేదు.

సెలవులకి నాలుగు రోజుల ముందు క్లాసులో నాకూ విశాలికీ పోటీ పెట్టారు. నువ్వు చెప్పింది ఆ రోజే చేసేద్దామనుకున్నాను. పిడికిళ్ళు పైకి పెట్టే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. తను రానా అందట. నాకు వినబడలేదు. రెండోసారీ అందట. కళ్ళు తెరిచేసరికి మాస్టారు మా ఇద్దరి మధ్యలో ఉన్నాడు. "కల్లు మూసుకుని అలాగ నిలబడకే తల్లీ" అన్నాడు. అందర్నీ పంపేసి నేల మీద కూలబడ్డాడు. నేను అడక్కుండానే అంతా చెప్పాడు.

ఆయన చెప్పింది రాస్తున్నాను, నా మాట ఒక్కటీ కలపడం లేదు. వాళ్ళ గోదాలో దండం అయిపోయాక కర్రని నిలువుగా నేలకి ఆనిస్తే నేను సిద్ధం, నువ్వు రావచ్చు అని అర్థమట. ఆయన రాయికి మొక్కి లేచాడు. నువ్వు కర్ర నిలువుగా ఆనించి నిలబడి ఉన్నావు. తల కొంచెం వంచి ఉన్నావు, నెత్తిన తలగుడ్డ. కళ్ళు మూసుకున్నావని ఆయనకి కనబడలేదు. డప్పు మోగింది, కొట్టాడు. "నిలబడి దేవుణ్ణి తలుసుకునేవోలుంటారని నాకు తెలీదమ్మా" అన్నాడు. ఆ తర్వాత కర్ర ముట్టలేదు. ఆ రానా, రా అనే చాదస్తం అప్పుడు పుట్టింది. నన్ను విశాలికి జోడీ పెట్టింది కూడా కొట్టించడానికి కాదట. తన దగ్గర అందరికన్నా బాగా ఆడేది అదే కాబట్టి, నాకు మంచి విద్య దొరకాలనట.

ఇంకొకటి. ఆయన రాలేదంటావు నువ్వు. ఆసుపత్రికి వస్తే తాత గుమ్మంలోంచే గెంటేశాడట. నెల పోయాక నౌపడ వస్తే వాకిట్లో ఒకమ్మాయి పేడనీళ్ళ కుండ ఆయన నెత్తిన దిమ్మరించిందట. ఆ అమ్మాయి ఎవరో ఆయన చెప్పలేదు. సెలవుల్లో అమ్మని అడిగాను. అప్పుడు బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. "నానే పోసినాను. మీ మావకి సెప్పకు" అంది.

తోటలో తనని పట్టుకోవడానికి వచ్చిన పనివాడి చెవిని పేతురు నరికేస్తే ప్రభువు మళ్ళీ అంటించాడు కదా మావా. నేను ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవచ్చా?

రూబీ


నౌపడ,
9 నవంబరు 2015

రూబీ,

వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు.

తోటలో ఆ పనివాడి చెవి అంటించడానికి ప్రభువు పక్కనే ఉన్నాడు. నా చెవి అంటించడానికి ఎవరూ రాలేదు. కథలు చెప్పడం వాడికి వచ్చని నాకు తెలియదు, ఇప్పుడు తెలిసింది. కర్ర నిలువుగా ఉందట, తలగుడ్డ అడ్డమొచ్చిందట. కొట్టేవాడికి ఎదుటివాడి కళ్ళు చూడడం రాదా? అంత గుడ్డివాడు కర్ర ఎందుకు పట్టుకున్నాడు?

లీల పేడనీళ్ళు పోసిందంటే మంచి పని చేసింది. వేడినీళ్ళయితే ఇంకా బాగుండేది. వాడు వచ్చి మాత్రం ఏం తెచ్చేవాడు, సంచీలో నా చెవి తెచ్చేవాడా?

నువ్వు పదహారేళ్ళ పిల్లవి. వాడు నాలుగు కన్నీటి బొట్లు రాల్చేసరికి కరిగిపోయావు. పాముకి పాలు పోసినా విషమే కక్కుతుంది. నాకు వచ్చిందంతా నీకిచ్చాను. ఇన్నేళ్ళుగా ఎవరికీ చూపించని అడుగు నీకు చూపించాను. నేను అడిగింది ఒక్క దెబ్బ.

డిసెంబరు పన్నెండో తారీకు పోటీకి శ్రీకాకుళం వస్తున్నాను. మెట్ల మీద పైన కూర్చుంటాను. ఆ పిల్ల వంగినప్పుడు నీ చెయ్యి లేవాలి. లేవకపోతే నా దగ్గరికి రాకు, నాకు ఉత్తరం రాయకు. చెవిటివాడికి మేనకోడలు కూడా లేదనుకుంటాను.

సత్యం


రాజాం,
13 డిసెంబరు 2015, ఆదివారం

సత్యం మావకి,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. నిన్న నువ్వు పైనుంచి చూశావు, కానీ ఆ సినిమా చూసినట్టు చూశావు. మాటలు నీకు వినబడలేదు. అవి చెబుతాను.

ఫైనల్లో విశాలీ నేనూ ఎదురుపడ్డాం. పైన నీ తెల్లచొక్కా కనిపించింది. తను వంగింది. ఎర్రరాయి దిద్దు నా చేతికి జానెడు దూరంలో ఉంది, ఎప్పుడూ ఉండే చెయ్యి ఆ ఒక్క క్షణం అడ్డం లేదు. నువ్వు చెప్పింది నిజం, వంగినప్పుడే. నా పిడికిలి లేచింది. నువ్వు చూసే ఉంటావు. అప్పుడు తను వంగే ఉండి, తల ఎత్తకుండానే, "రానా?" అంది. అలా అడిగినదాన్ని ఎలా కొట్టను మావా? "రా" అన్నాను.

నువ్వు లేచి గుమ్మం వైపు నడవడం కనిపించింది. ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే ఆడాను. తను ఎగిరింది, దిగేచోటికి నేను జారాను. రెండుసార్లు అలాగే. నేను గెలిచాను. నువ్వు గుమ్మం దగ్గర మాకు వీపు పెట్టి నిలబడ్డావు, ఇటు తిరిగుంటే చూసేవాడివి.

మాస్టారు నన్ను మెచ్చుకోలేదు. నా పాదాలు చూస్తూ "ఇది సత్యం అడుగు" అన్నాడు. తల ఎత్తి మెట్లన్నీ వెతికి, గుమ్మం దగ్గర నిన్ను చూసి పరుగెత్తాడు. నేను వెనకే వచ్చాను. నీకు మూడడుగుల దూరంలో ఆగాడు. చేతులు రెండూ కిందకి వదిలేసి ఏదో అన్నాడు, చూశావు కదా. వెక్కిరించాడనుకున్నావా? తన కూతుర్ని కొట్టలేదని సంబరపడుతున్నాడనుకున్నావా? ఆయన అన్నది ఇది: "సత్యం, దగ్గరికి రానా?"

నువ్వు కొట్టావు. ఎడమ చెవి మీద. ఆయన కుర్చీల మీద పడ్డాడు. నువ్వు వెనక్కి చూడకుండా వెళ్ళి బస్సెక్కావు.

ఆయన అడిగాడు. నువ్వు వినలేదు, ఆయన చేతులు కిందికి ఉండగానే కొట్టావు. నీకు జరిగింది ఏదో, అక్షరం పొల్లుపోకుండా అదే చేశావు. ఆయన నాకు ఒకే మాట చెప్పాడు, "మీ మావని ఏటీ అనకమ్మా, ఆయనకి ఇనబడదు కదా" అని. ఆయన చెవి నిన్నటి నుంచి గుయ్యిమంటోందట. రేపు డాక్టరుకి చూపిస్తారు.

నన్ను బెదరగొట్టింది అది కాదు. సాయంత్రం విశాలి హాస్టల్‌కి వచ్చింది. కప్పు గురించి మాట్లాడలేదు, ఉప్పు గురించి మాట్లాడలేదు. "మీ మావని ఒగ్గను" అంది, అంతే. దాని కళ్ళు చూశాను. ఆ కళ్ళు నేను ఎక్కడైనా గుర్తుపడతాను, పుట్టినప్పట్నుంచీ మన ఇంట్లో చూస్తున్నవే. ఇప్పుడు అది ఇరవై రెండేళ్ళు కాచుకుంటుంది కాబోలు.

నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. కప్పు మాత్రం అమ్మకి పంపాను, పక్కన పెట్టుకో. దాన్ని గెలిచిన అడుగు నీదే.

రూబీ


నౌపడ,
20 డిసెంబరు 2015

ఒసే రూబీ,

ఈ ఉత్తరం రాయడానికి మూడు రోజులు పట్టింది. రెండు చింపేశాను.

ఇన్నేళ్ళూ ఆ ఒక్క దెబ్బ కొడితే నా తల లోపల మోత ఆగిపోతుందనుకున్నాను. కొట్టాను. బస్సులో టెక్కలి దాకా చెయ్యి తిమ్మిరెక్కి హాయిగా ఉంది. అక్కడ్నుంచి మోత మళ్ళీ మొదలైంది, ఇంకా ఎక్కువైంది. నీ ఉత్తరం వచ్చాక ఎందుకో తెలిసింది. వాడు చేతులు వదిలేసి నిలబడడం నేను చూశాను. చూసే కొట్టాను. చెవులే కదా పోయాయి, కళ్ళు ఉన్నాయి.

లీలని అడిగాను. పలక మీద "అవును, పోశాను" అని రాసి ఏడ్చింది. ఈ ఏడు మడులు తొక్కడం మొదలుపెట్టాం. నిన్నంతా తొక్కుతూ ఒక సంగతి గురించే ఆలోచించాను. ఇది మీ అమ్మకీ చెప్పలేదు, పాస్టరు గారికీ చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

పందేనికి ముందు రోజు గురువు పోతురాజు నన్ను పక్కకి పిలిచాడు. "పైవూరోలు ఒస్తన్నారు, ఆలకి నీ మొక్కు తెలీదు. కర్ర నిలబెట్టి ఉంచకు. నేల మీద పడుకోబెట్టి అప్పుడు కల్లు మూసుకో" అని చెప్పాడు. సరే అన్నాను. మర్నాడు జనాన్ని చూసిన సంబరంలో మరిచిపోయాను. కర్ర నిలబెట్టే ప్రార్థన చేశాను. అది నాకు ఆసుపత్రి మంచం మీదే గుర్తొచ్చింది. గుర్తొచ్చిన దగ్గర్నుంచీ వాడి మీద కోపం పెంచుకుంటూ వచ్చాను, ఆ కోపం తగ్గితే నా తప్పు కనబడుతుందని. నీ చేతికి అప్పగించింది ఆ కోపం కాదు, ఆ తప్పు. నన్ను క్షమించమని అడగను, నీ కోపం చల్లారాక నీకే తోస్తుంది.

ఆ సినిమా మొన్న స్టాన్లీ వాళ్ళింట్లో మళ్ళీ వేశారు. స్టాన్లీని పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి మాటా పలక మీద రాయించాను. నువ్వు చెప్పిందే నిజం. మందు రాస్తాననే అంటాడు.

సూరయ్యకి ఈ కాగితం చూపించు. చెవి గురించి డాక్టరు ఏమన్నాడో ఉన్నది ఉన్నట్టు రాయమను. నేను క్షమించానని చెప్పకు, అది ఇంకా నాకు చేతకాలేదు. దగ్గరికి రానా అని అడిగాడు కదా. రా అన్నానని చెప్పు. క్రిస్మస్ అయిన మర్నాడు నౌపడ రమ్మను. ఈసారి వాకిట్లో నేనే నిలబడతాను, మీ అమ్మ చేతికి ఏ కుండా అందకుండా చూసుకుంటాను.

ఆ పిల్లని కూడా తీసుకురమ్మను. ఇరవై రెండేళ్ళు ఆగొద్దని చెప్పు, అది ఎంత పొడుగో నాకు తెలుసు. వాళ్ళ నాన్న కోసం నన్ను కొట్టాలనుంటే నా ఎదురుగా నిలబడి రానా అని అడగమను. నేను రా అంటాను. నాకు వినబడదు కాబట్టి చెయ్యెత్తి అడగమను. కర్ర నేల మీద పడుకోబెట్టి, కళ్ళు తెరుచుకుని ఉంటాను.

నీ మావ,
సత్యం